నలభై రెండు అంగుళాల సమర్థన

మా సంస్థ వెలువరించిన పద్దెనిమిదో నంబరు సర్క్యులర్‌ను నేను ఏడుసార్లు చదివాను. చదవడమే నా వృత్తి. బీమా సంస్థలో సరిచూత విభాగమని ఒకటి ఉంటుందని బయటివాళ్లకు తెలియదు. లోపలివాళ్లలోనూ చాలామందికి తెలియదు. నిరుటి పాలసీ పత్రాన్నీ ఈ ఏటి పాలసీ పత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ ఒక అంకె మారిందో, ఎక్కడ ఒక షరతు చడీచప్పుడూ లేకుండా జారుకుందో, దాని స్థానంలో ఏది చొరబడిందో పట్టుకోవడం మా పని. ఇరవై మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆఫీసులో నా గురించి చెప్పుకోదగిన సంగతి అదొక్కటే. దాన్ని కూడా ఎవరూ చెప్పుకోరు.

సర్క్యులర్ సారాంశం ఇది. ఇంటి నుంచి పనిచేసే సౌకర్యం కొనసాగాలంటే, నాలుగు కాగితాలను అసలు కొలతలో పక్కపక్కన చూపగల మానిటర్ ఉద్యోగి ఇంట్లో ఉండాలి. దాన్ని సంస్థే సమకూరుస్తుంది. అయితే ఏ మానిటర్ కావాలో, అదే ఎందుకు కావాలో ఉద్యోగి సాంకేతిక సమర్థనతో వచ్చే నెలాఖరులోగా రాసి ఇవ్వాలి. ఇవ్వనివారు ఆఫీసుకు రావాలి. ఇదంతా ఉద్యోగుల మేలు కోరి చేస్తున్నట్టు చివరి వాక్యంలో ఉంది. మేలు కోరినప్పుడల్లా మా సంస్థ ఆ మాటను చివరి వాక్యంలోనే పెడుతుంది. ముందే చెబితే జనం జాగ్రత్తపడతారని భయం కాబోలు.

నాకు తెరల మీద ఏ మోజూ లేదు. నాకు కావలసిందల్లా ఆఫీసుకు వెళ్లకుండా ఉండటం. అందుకు ఆఫీసులోని మనుషులే చాలినంత కారణం అయినా, అసలు కారణం మాత్రం మా అక్క.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. ఇరవై ఎనిమిదేళ్లు రేవులో క్రేన్ నడిపింది. భుజం కీలు అరిగాక కిందికి దిగి, ఇప్పుడు కొత్తవాళ్లకు ఆ పని నేర్పుతోంది. క్లాసులు సాయంత్రం ఐదున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తాయి. ఆదివారం పొద్దంతా రేవులో ప్రాక్టికల్. నేను ఆఫీసుకు వెళ్లిన ఏళ్లలో, ఆమె వచ్చేసరికి నేను నిద్రలో, నేను బయలుదేరేసరికి ఆమె నిద్రలో; ఒకే కప్పు కింద కాపురముంటూ మేమిద్దరం ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చీటీలతో మాట్లాడుకునేవాళ్లం. ‘పాలు అయిపోయాయి.’ ‘తెచ్చాను.’ ‘కరెంటు మనిషి వచ్చి వెళ్లాడు.’ ఏడాదికి సరిపడా చీటీలు చదివినా, ఇంట్లో ఇద్దరు మనుషులున్నారని తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

ఇంటి నుంచి పని మొదలయ్యాక, మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగుంబావు దాకా, నా టీ విరామంలో మేం ఓడ నడుపుతున్నాం. అది ఇద్దరు కలిసి ఆడే కంప్యూటర్ ఆట. ఒకరు చుక్కాని పట్టాలి, మరొకరు పటం చూసి నీటి లోతులు చెప్పాలి. చుక్కాని అక్కది, లోతులు నావి. లోతులకు మధ్యమధ్య మిగతా సంగతులన్నీ వస్తాయి. నాకు కుదిరిన పెళ్లి సంబంధం ఎందుకు తప్పిపోయిందో, అక్క భుజం గురించి డాక్టరు నిజంగా ఏమన్నాడో, అమ్మ చివరి రోజుల్లో ఎవరి పేరు పిలిచిందో ఆరు బారల లోతుకూ నాలుగు బారల లోతుకూ మధ్యనే నాకు తెలిసింది. ఆఫీసుకు వెళితే నేను ఇల్లు చేరేది ఏడింటికి. మళ్లీ ఫ్రిజ్ తలుపే గతి.

మా పాత మానిటర్ ఇరవై నాలుగు అంగుళాలది. ఆటలో దాన్ని నిలువునా చీల్చితే ఒక్కొక్కరికి పుస్తకం అట్టంత సముద్రం దక్కుతుంది. ఆ సముద్రంలో, మంచు కమ్మిన ఒక జలసంధి దగ్గర, మా ఓడ పదకొండుసార్లు మునిగింది. కనుక సర్క్యులర్ విని అక్క సంబరపడటంలో వింత లేదు.

“మంచిదేగా! పొద్దున్న నీ కాగితాలు, మధ్యాహ్నం మన ఓడ. రాసిపారెయ్.”

“రాసిపారేసేది కాదక్కా. ఏది కావాలో ముందు నిర్ణయించుకోవాలి.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“శాస్త్రీయంగా అయితే మూడు వారాలు.”

“శాస్త్రం లేకుండా అయితే?”

అలా నేనెప్పుడూ చేసి ఎరగను.

యాభై మూడు మానిటర్లను ముప్పై నిలువు గడుల పట్టికలో ఎక్కించాను. వంపు తిరిగినవి, బల్లపరుపువి, మెరిసేవి, మెరవనివి, సెకనుకు అరవైసార్లు బొమ్మ మార్చేవి, రెండు వందల నలభైసార్లు మార్చేవి. ప్రతిదాని గురించి ఎవరో ఒకరు గంటసేపు మాట్లాడిన వీడియో ఉంది. అన్నీ చూశాను. రంగుల గడిలో స్వయంగా చూసి మార్కులు వేశాను. పదిహేను రోజుల తరువాత అక్క నా వెనుక నిలబడి పట్టిక అంతా చదివింది.

“ప్రతిదానికీ ‘పసుపు ఛాయ కొంచెం ఎక్కువ’ అని రాశావేంటిరా?”

“ఎక్కువే ఉంది మరి. తయారీదారులందరూ ఒకే పొరపాటు చేస్తున్నారు.”

“వీడియోలు దేంట్లో చూశావ్?”

పాత మానిటర్ వైపు చూశాను. పదకొండేళ్ల వయసులో అది దేన్ని చూపినా కామెర్లు వచ్చినట్టే చూపుతోంది. కొత్త తెరల నాణ్యతను పాత తెరలో చూసి నిర్ణయించిన సరిచూత నిపుణుడు ప్రపంచంలో నేనొక్కడినే అయి ఉంటానని అక్క అభిప్రాయపడింది. ఆ గడి మొత్తం కొట్టేసి, మరునాడు ఆమె వెంట కొట్టుకు బయలుదేరాను. ఇంటి నుంచి పని మొదలయ్యాక కొట్టులో అడుగుపెట్టడం నాకు అదే మొదటిసారి.

అది మూడంతస్తుల కొట్టు. మానిటర్లు మూడో అంతస్తులో ఉన్నాయి. వరుసగా నిలబెట్టిన తెరలన్నిటిలో ఒకే చిలుక ఒకేసారి రెక్కలు విప్పుతోంది. కొట్టు యజమాని మమ్మల్ని చూసి, వయసులు అంచనా వేసుకుని, మర్యాదగా అడిగాడు.

“పిల్లలకా మేడమ్?”

“పిల్లల్లేరు. మాకే.”

“ఓ, సినిమాలకు!”

“ఆటకి” అంది అక్క. “ఓడ నడపాలి. వీడికి చదువుకోడానికి కూడా కావాలి.”

ఆయన నావైపు జాలిగా చూశాడు. చదువు ఇంకా పూర్తికాలేదనుకున్నాడేమో.

మొదట నలభై తొమ్మిది అంగుళాల వంపు తెర చూపించాడు. గోడ మలుపంత పొడవుంది. నా నాలుగు కాగితాలు ఎనభై నాలుగు సెంటీమీటర్లు. జేబులోని టేపు తీసి కొలిచాను. కాగితాలు పట్టగా ఐదో కాగితానికీ చోటు మిగిలింది. నాకు నచ్చింది. అక్క తన పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఆట పెట్టించి, రెండు నిమిషాలు చూసి పెదవి విరిచింది.

“ఎత్తేది? తెరచాపలు సగానికి తెగిపోయాయి. గాలి ఎటు తిరిగిందో ఎట్లా చూసేది? ఇది సముద్రం కాదురా, కాలువ.”

తరువాతిది నలభై రెండు అంగుళాలది, బల్లపరుపుగా ఉంది. ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం. అందులో నల్లని సముద్రం నిజంగానే నల్లగా ఉంది. అక్క ఊపిరి బిగబట్టి చూసింది. అప్పుడు నేను నా తెల్ల కాగితాలు పెట్టించాను. అక్షరాల అంచుల్లో లేత ఎరుపూ ఆకుపచ్చా పొడలు కనిపించాయి.

“రోజంతా ఒకే పేజీ కదలకుండా ఉంటే ఏమవుతుంది?” అని అడిగాను.

“ఏమీ కాదు సార్.”

“కొన్నేళ్లకి?”

“అది... కొంచెం మచ్చ పడొచ్చు సార్. లైట్‌గా.”

అంటే మా సంస్థ చిహ్నం మా ఓడ ఆకాశంలో శాశ్వతంగా వెలుస్తుందన్నమాట. అక్కే వద్దంది. “సముద్రంలోకి కూడా మీ ఆఫీసు రావాలా?”

మూడోదీ నలభై రెండు అంగుళాలదే, కాని వెనుక నుంచి వందల కొద్దీ చిన్న దీపాలు వెలిగే రకం. అక్షరాలు చెక్కినట్టున్నాయి. సెకనుకు నూట నలభై నాలుగుసార్లు బొమ్మ మారడం వల్ల, పేజీని కిందికి జరుపుతున్నప్పుడు కూడా వాక్యాలు చదవగలిగాను. నా జీవితంలో అటువంటిది చూడలేదు. కాగితం కదులుతుంటే అక్షరం నిలబడి ఉంది! ఒక్కటే లోపం: చీకటి సముద్రంలో ఓడ లాంతరు చుట్టూ సన్నని వెలుగు వలయం కనిపిస్తోంది. దాన్ని నా పుస్తకంలో లోపంగా రాయబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది.

“అది లోపం కాదు. మంచులో నిజం దీపం అట్లాగే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లు చూశాను రేవులో. ఇదే ఖాయం.”

మూడు వారాల శాస్త్రం అక్కడితో ముగిసింది.

చిక్కంతా డబ్బా దగ్గర వచ్చింది. దాని మీద నిప్పులు కక్కే డ్రాగన్, కింద నా బొటనవేలంత అక్షరాలతో ‘గేమింగ్’ అన్న మాట. పాలసీ షరతులు చదువుకునే మనిషికి డ్రాగన్ ఎందుకని మా పరికరాల కమిటీ అడగకమానదు. కనుక సమర్థన గట్టిగా ఉండాలి. గట్టిగా అంటే రుజువులతో. అక్క కొట్టు యజమానితో ఏం మాట్లాడిందో తెలియదు; ఆమె క్రేన్ శిష్యుల్లో ఒకడు ఆయన తమ్ముడని తరువాత తెలిసింది. ప్రదర్శనకు పెట్టిన మానిటర్‌ను రెండు వారాలకు అరువిచ్చాడు.

నేను ప్రయోగం మొదలుపెట్టాను. ఒక రోజు పాత తెర, ఒక రోజు కొత్త తెర, మళ్లీ పాతది. అలా ఎనిమిది పనిదినాలు. రోజుకు సరిగ్గా వంద పేజీలు. మా విభాగంలో నేను చూసిన కాగితాన్ని నా తరువాత మరొకరు చూస్తారు. నేను వదిలేసిన మార్పులను ఆయన పట్టుకుని నాకు తిప్పి పంపుతాడు. వాటిని లెక్కించాను. పాత తెర మీద నాలుగు రోజుల్లో నేను వదిలేసినవి ముప్పై ఆరు. కొత్త తెర మీద ఎనిమిది.

అంకెలు చూసి నాకే గుబులు పుట్టింది. సాకు కోసం మొదలుపెట్టిన పని నిజమై కూర్చుంది. ఇరవై మూడేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని షరతులు చల్లగా జారుకున్నాయో తలుచుకోవడం మానేసి, రాయడానికి కూర్చున్నాను. పదిహేడు పేజీలు, ఆరు పట్టికలు, పేజీల అడుగున చిన్న అక్షరాల్లో ముప్పై ఒక్క అధోజ్ఞాపికలు. గొప్పలు చెప్పుకోవడం నా స్వభావం కాదు. కాని ఆ సమర్థన నేను రాసినవాటన్నిటిలోకీ ఉత్తమమైనది. గడువుకు రెండు రోజుల ముందే పంపించి, అరువు మానిటర్‌ను తిరిగి కొట్టుకు చేర్చాము. ఆ రెండు వారాల్లో మా ఓడ జలసంధిని మూడుసార్లు దాటిందని కూడా ఇక్కడ చెప్పాలి. ఆ సంగతి నివేదికలో చేర్చలేదు.

పది రోజుల తరువాత, ఒక గురువారం ఉదయం, మా విభాగాధిపతి ఫోన్ చేశాడు. ఈయన్ను ఆఫీసంతా ‘శుభవార్త గారు’ అంటుంది. ఏ దుర్వార్తనైనా ఆయన ఆ మాటతోనే మొదలుపెడతాడు.

“శుభవార్తండీ! మీ రిపోర్టు అదిరిపోయింది. చీఫ్ మేనేజర్ గారు రెండుసార్లు చదివారట. తప్పులు నాలుగో వంతుకు కూడా మించలేదంటే మామూలు మాటా? ఒక్క మీకే కాదు, మన సెక్షన్ మొత్తానికి నలభై మానిటర్లు ఆర్డరు పెడుతున్నారు.”

“సంతోషం” అన్నాను, సంతోషించకుండా. “నలభై ఇళ్లకూ పంపిస్తారా?”

“ఇళ్లకా! అంత ఖరీదైన సరుకు ఇళ్లకెట్లా పంపుతాం? దారిలో ఏదైనా అయితే? ఇంట్లో ఎవరైనా నీళ్లు పోస్తే? ఇళ్లలో పెట్టిన ఆఫీసు సామానుకి బీమా ఉండాలి కదా, దానికి మన సంస్థే ఒప్పుకోదట. అందుకని ఆఫీసులోనే రెండో అంతస్తులో పెద్ద హాలు తయారుచేస్తున్నారు. అందరూ సోమవారం నుంచి రావాలి. హాలుకి ఇన్‌చార్జి ఎవరనుకున్నారు? మీరే!”

“నేనా!” అన్నాను. దాన్ని ఆయన ఆనందంగా అర్థం చేసుకున్నాడు.

“రేపు రెండింటికి కమిటీ ముందు ఫైనల్. మీరూ రండి. ఒక్కపేజీ గారు మాత్రం అడ్డం కొడతానంటున్నారు. ఏం భయపడకండి, మేమున్నాం.”

ఒక్కపేజీ గారు మా డిప్యూటీ మేనేజర్. ఏ ఫైలైనా ఒక్క పేజీకి మించితే చదవనని ఆయన ఉద్యోగంలో చేరిన రోజునే ప్రకటించి, ఆ నియమం తప్పకుండా డిప్యూటీ దాకా ఎదిగాడు.

మూడున్నరకు పాత తెర ముందు కూర్చుని అంతా అక్కకు చెప్పాను. ఆమె ఓడను లంగరు వేసి ఆలోచించింది.

“రేపు వెళ్లి, ఆ రిపోర్టు తప్పని ఒక్క ముక్క చెప్పి వచ్చెయ్.”

“తప్పని ఎట్లా చెప్పను? అది నిజం.”

“అబద్ధం చెప్పలేవా?”

“చెప్పగలను. కాని ఆ రిపోర్టు మీద చెప్పలేను.”

“పోనీ, ఆ ఒక్కపేజీ ఆయన అడ్డం కొడతానంటున్నాడుగా. కొట్టనీ. తెరలు రాకపోతే హాలూ రాదు. నువ్వు నోరు మూసుకుని కూర్చో. అదైనా చేతనవుతుందా?”

“అవుతుంది. ఇరవై మూడేళ్లుగా మీటింగుల్లో నేను చేస్తున్నదదే.”

“అడిగితే?”

“చెప్పడానికేమీ లేదంటాను.”

“మళ్లీ అడిగితే?”

“మళ్లీ అదే.”

“బాగుంది. చూడు తమ్ముడూ, మన నలభై ఐదు నిమిషాలు నీ నోట్లో ఉన్నాయి. తెరవకు.”

శుక్రవారం కమిటీ గదిలో పొడవాటి బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు: మధ్యలో చీఫ్ మేనేజర్ గారు, పొదుపుగా మాట్లాడే పెద్దావిడ, ఒక పక్క ఒక్కపేజీ గారు, ఇంకో పక్క స్టోర్సు ఆఫీసరు. నా పక్కన శుభవార్త గారు. నా పదిహేడు పేజీలకు నాలుగు ప్రతులు తీసి బల్ల మీద పెట్టారు. చీఫ్ గారి ప్రతిలో అంచుల నిండా పెన్సిల్ గీతలున్నాయి. ఒక్కపేజీ గారి ప్రతి మొదటి పేజీ దగ్గరే నలిగి ఉంది.

స్టోర్సు ఆఫీసరు మొదలుపెట్టాడు. “డబ్బా మీద డ్రాగన్ ఉందండీ. ఆడిట్ వాళ్లకి ఏమని చెప్పను? ఇదేమన్నా ఆఫీసా, వీడియో గేముల సెంటరా అంటారు.”

డ్రాగన్ సంగతి రెండో అధోజ్ఞాపికలో ఉంది. పళ్లు బిగించాను.

“పదిహేడు పేజీలు!” అన్నాడు ఒక్కపేజీ గారు. “నేను మన సంస్థ మొత్తాన్ని ఒక్క పేజీలో వివరించగలను.”

వివరించగలడు, ఆయనకు తెలిసినంతవరకు అదే సరిపోతుంది. ఈ మాట నా మనసులోనే ఉండిపోయింది. నన్ను నేను మెచ్చుకున్నాను.

“పైగా, కొత్త వస్తువు చేతికొస్తే ఎవరైనా నాలుగు రోజులు ఉత్సాహంగా పనిచేస్తారు. మా మనవడు కొత్త పెన్సిలు కొనిస్తే వారం రోజులు హోంవర్కు చేశాడు. ఈయన తప్పులు తగ్గింది తెర వల్ల కాదు, మోజు వల్ల.”

ఇది మంచి అభ్యంతరం. ఎంత మంచిదంటే, నేనే ముందు ఊహించి తొమ్మిదో పేజీలో దానికి జవాబు రాశాను: మోజే కారణమైతే మొదటి కొత్తరోజు తప్పులు తక్కువగానూ, చివరి కొత్తరోజు ఎక్కువగానూ ఉండాలి; కాని నాలుగు కొత్తరోజుల్లోనూ రెండేసి చొప్పునే ఉన్నాయి. శుభవార్త గారు మోచేత్తో పొడిచాడు. నేను కిటికీలోంచి బయట పార్కు చేసిన స్కూటర్లను లెక్కపెట్టాను. పంతొమ్మిది.

“మీరేమంటారు?” అని చీఫ్ గారు నన్ను అడిగింది.

“చెప్పడానికేమీ లేదండీ.”

“ఏమీ లేదా? తొమ్మిదో పేజీలో ఏదో రాసినట్టున్నారు.”

“చెప్పడానికేమీ లేదండీ.”

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ముఖంలో నిరాశ కనిపించింది. నా రచనను ప్రేమించిన ఏకైక పాఠకురాలిని మోసం చేస్తున్నానని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు.

“రాసినాయనే నిలబడకపోతే మనం మాత్రం ఏం చేస్తాం” అందావిడ. “సరే. హాలూ వద్దు, తెరలూ వద్దు. ఆ సర్క్యులర్ కూడా వెనక్కి తీసుకుందాం. ఎవరి ఇంట్లో వాళ్లు ఉన్న వాటితోనే కానివ్వండి.” పెన్ను మూత తీసింది.

నేను గెలిచాను. కుర్చీ వెనక్కి జరిపి లేవబోతున్నాను. ఆవిడ పెన్ను కాగితానికి అంగుళం దూరంలో ఉంది. అప్పుడు ఒక్కపేజీ గారు, గెలుపు ఖాయమయ్యాక కూడా ఊరుకోలేని మనిషి కావడం చేత, వెనుక పేజీలను బొటనవేలితో సర్రున తిప్పి, ఎక్కడో ఆపి, నవ్వాడు.

“అయినా ఈయన లెక్కలేమిటండీ? మూడో పట్టికలో మొత్తం నలభై నాలుగు. నాలుగో పట్టికలో నలభై ఒకటి. పట్టికకీ పట్టికకీ పొంతనే లేదు. ఇరవై మూడేళ్లుగా ఈయన సరిచూస్తున్నది ఇలాగేనా?”

నేను జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నాకు అక్క గుర్తుకొచ్చింది. ఓడ గుర్తుకొచ్చింది. ‘తెరవకు’ అన్న మాట స్పష్టంగా వినిపించింది. ఇవన్నీ గుర్తుంచుకుంటూనే నేను లేచి నిలబడ్డాను.

“పదకొండో పేజీ, ఇరవై మూడో అధోజ్ఞాపిక చూడండి” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “మూడో పట్టిక రోజులవారీ లెక్క. నాలుగోది పాలసీ రకాలవారీ లెక్క. మూడు తప్పులు అనుబంధాల్లో దొరికాయి. అనుబంధం ఏ పాలసీ రకానికీ చెందదు. కనుక నాలుగో పట్టికలో అవి ఉండకూడదు. ఉంటే తప్పు. నలభై ఒకటికి మూడు కలిపితే నలభై నాలుగు. పొంతన ఉంది.”

“ఓహో. అయితే ఇందాక మోజు సంగతి...”

“తొమ్మిదో పేజీ” అన్నాను. ఆ తరువాత నన్ను ఆపడం నావల్ల కాలేదు. మోజు సంగతి చెప్పాను. డ్రాగన్ సంగతి చెప్పాను. సెకనుకు నూట నలభై నాలుగుసార్లు మారే బొమ్మకూ కదిలే పేజీలో అక్షరం నిలబడటానికీ ఉన్న సంబంధాన్ని బల్ల మీదున్న నీళ్ల గ్లాసు సహాయంతో వివరించాను. స్టోర్సు ఆఫీసరు గడియారం చూడటం మానేశాడు. ఒక్కపేజీ గారు తన జీవితంలో మొదటిసారి రెండో పేజీ తిప్పాడు. పది నిమిషాల తరువాత నేను కూర్చున్నాను. శుభవార్త గారి కళ్లు చెమర్చాయి.

“నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నా” అన్నాడు ఒక్కపేజీ గారు. ఆయన నోట ఆ మాట సంస్థలో ఎవరైనా వినడం అదే మొదటిసారి.

చీఫ్ గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. “ఇంతసేపూ ఎందుకు ఊరుకున్నారండీ మీరు?” అని ముచ్చటగా మందలించి, నలభై తెరల కాగితం మీద సంతకం చేసింది. నేను కృతజ్ఞతలు చెప్పాను. మర్యాద అది.

ఇంటికి వచ్చేసరికి మూడు ముప్పావు. అక్క ఆట తెరిచి, చుక్కాని దగ్గర కూర్చుని ఉంది. తల తిప్పకుండానే అడిగింది.

“నోరు మూసుకున్నావా?”

“మూసుకున్నాను. చాలాసేపు.”

ఇప్పుడు తల తిప్పింది. “ఎంతసేపు?”

“నలభై నిమిషాలు.”

“మీటింగ్ ఎంతసేపు?”

“యాభై.”

నేను చెప్పులు విప్పి, నా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పుస్తకం అట్టంత సముద్రంలో మంచు కమ్ముతోంది.

“ఏమన్నాడేంటి?”

“పట్టికలకి పొంతన లేదన్నాడు.”

“ఉందా?”

“ఉంది.”

“ఒప్పుకున్నాడా?”

“ఒప్పుకున్నాడు. మినిట్స్‌లో రాసుకున్నారు.”

“చాలా సంతోషం. మినిట్స్ తెచ్చి ఫ్రిజ్‌కి అంటించు.” మళ్లీ తెర వైపు తిరిగి, “ఎప్పట్నుంచి?” అంది.

“సోమవారం.”

ఆమె చుక్కాని తిప్పుతూనే ఉంది. తెర మీద రాళ్లు ఎక్కడున్నాయో నాకు సరిగా కనిపించలేదు. అందుకు పూర్తి కారణం తెర చిన్నదవడం కాదు. “ఐదు బారలు” అన్నాను. “నాలుగున్నర. అక్కా, నా బుద్ధి గడ్డి తిన్నది.”

“తింది. లోతు చెప్పు.”

“నాలుగు.”

“నా క్లాసులు పొద్దున పూటకి మార్చుకోవచ్చేమో” అంది అక్క, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. “అప్పుడు సాయంత్రం ఏడు తరువాత ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. ఊరికే మార్చరు. మాకూ ఒక కమిటీ ఉందిలే. ఎందుకు మార్చాలో కారణాలతో రాసివ్వాలట.”

నేను నిటారుగా కూర్చున్నాను. “దానికేముంది, నేను రాస్తాను. నాలుగు రోజులు టైమివ్వు. రెండు పూటలా హాజరు ఎట్లా ఉంటుందో ఒక పట్టిక వేసి...”

“ఒరేయ్” అంది అక్క. “నువ్వు దాన్ని ముట్టుకున్నావంటే చంపేస్తాను.”